బీపీ నార్మల్‌కి వచ్చాక మాత్ర ఆపేయొచ్చా?

సొంతంగా ఆపకూడదు, నార్మల్ రీడింగ్ అంటే మాత్ర పనిచేస్తోందని అర్థం, బీపీ నయమైందని కాదు. ఈ మందులు ఒంట్లో ఉన్నంతకాలమే బీపీని తగ్గిస్తాయి. ఆమ్లోడిపిన్ రక్తనాళాల కండరంలోకి కాల్షియం చేరకుండా అడ్డుపడి వాటిని వదులు చేస్తుంది. టెల్మిసార్టాన్ నాళాలను బిగించే యాంజియోటెన్సిన్ అనే హార్మోన్‌ను పనిచేయనివ్వదు. నీటి మాత్రలు ఉప్పునీ నీటినీ మూత్రంలో పంపేస్తాయి (గుంటూరు ఎండల్లో ఇవి వాడుతూ కళ్లు తిరిగితే డాక్టరుకు చెప్పాల్సిందే).

విజయవాడలో ఒకాయనకు ఆమ్లోడిపిన్‌తో 160/100 కాస్తా 130/80కి దిగిందనుకోండి. మానేస్తే కొద్ది రోజుల్లో మందు ఒంట్లోంచి పోతుంది, బీపీ మళ్లీ ఎక్కుతుంది. చాలామందికి తలనొప్పి కూడా రాదు, అదే ప్రమాదం.

“మొదలుపెడితే అలవాటైపోతుంది” అన్నది అపోహే. వదలనిది బీపీ, మాత్ర కాదు. బరువూ, ఆవకాయల ఉప్పూ బాగా తగ్గించిన కొందరికి డాక్టర్లే డోసు తగ్గిస్తారు.