జరమొస్తే ఆర్డర్లు బందు, మరి ఇల్లెట్ల నడవాలె?

ప్రశ్న: నమస్తే అన్నా, నేను హనుమకొండల ఫుడ్ డెలివరీ చేస్త. 2021 మే నెలల కరోనా వచ్చి పదిహేను రోజులు ఎనుక అర్రల ఒక్కన్నే పడున్న, మా అమ్మ తలుపుకాడ గిన్నె పెట్టి దూరం జరిగేది. ఆర్డర్లు కొట్టకపోతే మాకు రూపాయి రాదు గానీ బండి ఈఎంఐ మాత్రం తారీఖుకు కట్ అయింది. కంపెనీల పనిచేసే మా బామ్మర్దికి అదే రోగమొస్తే ఈఎస్ఐ (ఉద్యోగుల సర్కారు బీమా) పైసలొచ్చినయ్. నాకెందుకు రాలే? మళ్ల గసొంటిది వస్తే మాకేమన్న ఉన్నదా?
- నయీంనగర్ తమ్ముడు

జవాబు: తమ్మీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. మీ బామ్మర్ది జీతం 21 వేల లోపు కాబట్టి ఆయన జీతంల 0.75 శాతం కట్ అయితది, కంపెనీ 3.25 శాతం కడతది, అందుకే జబ్బుతోని ఇంట్ల ఉంటే డాక్టర్ సర్టిఫికెట్ మీద కూలిల 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాక వస్తది. నువ్వు గూడ పొద్దుగాల నుంచి అర్ధరాత్రి దాక తిరిగినవ్ కానీ నిన్ను ఉద్యోగి అనలే, పార్ట్‌నర్ అన్నరు. గా ఒక్క మాటతోని నీ పేరు ఏ లిస్టులకూ ఎక్కలే. ఇది అన్యాయమే, నేను గట్టిగనే చెప్త.

లిస్టుల పేరుంటే ఏమైతదో 2020 ఏప్రిల్‌ల మా గల్లీ రేషన్ షాపు ముంగట చూసిన. సున్నంతోని గీసిన గుండ్రాలల్ల సంచులు పెట్టి నిలబడ్డరు, మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1500 రూపాయలు. కార్డు లేని కిరాయిదార్లు అరుగు మీద కూసొని చూసుకుంట ఉన్నరు.

ఇప్పుడు చట్టమైతే వచ్చింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లకొచ్చింది, అండ్ల గిగ్ వర్కర్ (నీ లెక్క జీతం లేకుండ యాప్‌ల ఆర్డర్ల మీద పనిచేసేటోళ్లు) అనే మాట ఉన్నది, కంపెనీలు టర్నోవర్‌ల 1 నుంచి 2 శాతం మీ నిధికి కట్టాలె. కానీ తమ్మీ, నిధి వేరు, నీ చేతికొచ్చే జబ్బు పైసలు వేరు. మీ బామ్మర్దికి వచ్చినట్టు జరం రోజుల కూలి ఇస్తమని ఆ కోడ్‌ల మీకు నేరుగ రాసిలేదు, స్కీములు పెట్టాలె అన్నరు అంతే. మీ యూనియనోళ్లు అడగాల్సింది ముందుగాల గదే. మన దగ్గర 2023 డిసెంబర్‌ల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గిగ్ వర్కర్లకు 5 లక్షల యాక్సిడెంట్ బీమా ప్రకటించిండు, మంచిదే, కానీ అది యాక్సిడెంట్‌కు, జరానికి కాదు.

నువ్వైతే ఈ వారంలనే బ్యాంకుకు పోయి ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా, 436 రూపాయల జీవన్ జ్యోతి రెండూ రాయించు. మొదటిది యాక్సిడెంట్‌కు, రెండోది ఏ రోగంతోని పోయినా ఇంటోళ్లకు 2 లక్షలు. మీ అమ్మను నామినీ పెట్టు.

ప్రశ్న: అసంఘటిత కార్మికుల పేరు సర్కారు లిస్టుల ఎక్కించే ఈ-శ్రమ్ కార్డుకు మా దగ్గర 200 అడుగుతున్నరు, ఇయ్యాల్నా?
- కాజీపేట అక్క

జవాబు: వద్దక్కా, ఫోన్‌ల మీరే చేసుకోవచ్చు, రూపాయి కట్టే పని లేదు. ఆధార్, బ్యాంకు ఖాతా దగ్గర పెట్టుకోండ్రి. ఆధార్‌కు పాత నంబర్ ఉంటే మాత్రం ముందుగాల ఆధార్ సెంటర్‌ల మార్పించుకోండ్రి, ఓటీపీ గా నంబర్‌కే వస్తది.