రెప్ప విచ్చుకునేదాకా చెప్పు

పర్లాకిమిడి,
దసరా వెళ్ళిన నాలుగో రోజు

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి చిట్టికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం మొన్న అందింది. ఫోనులో అయితే పక్కన ఎవరో ఒకరు ఉంటారని కాగితం మీద రాశావు చూడు, మంచిపని చేశావు. నేనూ కాగితం మీదే జవాబిస్తున్నాను. దాచుకుని, మనసు బాగోనప్పుడు తీసి చదువుకో.

రాత్రయితే మంచం కింద టార్చి వేసి పదకొండుసార్లు చూస్తున్నానని రాశావు. ఇంట్లో అందరూ పడుకున్నాక దుప్పటి ముసుగులో ఫోను పెట్టుకుని, పాములు పట్టే వీడియోలు ఒంటిగంట దాకా చూస్తున్నానని కూడా రాశావు. "పామంటే చచ్చేంత భయం, పామును చూడకుండా ఉండలేను, నాకు పిచ్చా పెద్దమ్మా?" అని అడిగావు.

పిచ్చి కాదమ్మా. ఆ మాట నువ్వూ అనుకోవద్దు, ఎవరినీ అననివ్వద్దు.

అన్నిటికంటే ముందు ఒక సంగతి చెప్పాలి. నీ ఉత్తరంలో ఆ నాలుగు వాక్యాలు చదివినప్పటినుంచి నాకు నిద్ర లేదు. పాము కరిచిన ఆ రోజు ఆస్పత్రిలో రెప్పలు పడిపోయి, నాలుక కదలక, చెయ్యి ఎత్తలేక పడి ఉన్నావు. అందరూ నీకు స్పృహ లేదనుకున్నారు. నీకు మాత్రం అన్నీ వినపడుతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళు "చితి, చితి" అంటున్నారు. నన్ను కాల్చడానికి తీసుకుపోతున్నారు, బతికే ఉన్నానని చెప్పలేకపోతున్నాను అనుకున్నావు. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదన్నావు.

చిట్టీ, ఒడియాలో కట్లపామును చితి అంటారు. వాళ్ళు డాక్టరుకు చెప్తున్నది ఏ పాము కరిచిందో. నువ్వు టెక్కలిలో పుట్టి పెరిగినదానివి. కాశీనగర్ కోడలివై రెండేళ్ళయినా నీకు ఒడియా ఇంకా అంతంతమాత్రమే. మన తెలుగు చెవికి ఆ మాట ఎలా వినపడుతుందో నాకు తెలుసు. నీకు పాడె కడుతున్నారని నువ్వు వణికిన ఆ క్షణంలోనే, నిన్ను బతికించే మాట ఎవరో చెప్తున్నారు. కట్లపాము అని తెలిసింది కాబట్టే ఊపిరి ఆగకముందే గొట్టం వేసి మిషను పెట్టారు.

రెండున్నర నెలలు ఈ ఒక్క మాట నీ గుండెలో ముల్లులా ఉండిపోయింది. మీ అత్తగారికో, అల్లుడుగారికో చెప్పి ఉంటే ఆ పూటే తీసేసేవాళ్ళు. నీ తప్పని అనడం లేదు. ఇలాంటివి నోటికి రావు. నాకూ రాలేదు.

నా కథ నీకు ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరు. 1988లో వరికోతలప్పుడు, మన జీడితోట పక్క గట్టు మీద నన్ను రక్తపింజరి కరిచింది. అప్పటికి ముప్పై ఏళ్ళు నాకు. వేపాకు నమిలించి, చేదు తెలుస్తోందా లేదా అని అడుగుతూ గంట పోగొట్టారు. తర్వాత మీ పెదనాన్న సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయారు. పదహారు రోజులు అక్కడ ఉన్నాను. కాలు మూడు నెలల్లో మానింది. కుక్కరు మాత్రం రెండేళ్ళు ముట్టుకోలేదు.

కుక్కరేమిటంటావా? రక్తపింజరి బుస వింటే తెలుస్తుంది. కుక్కరు ఆవిరి వదిలినట్టే ఉంటుంది, అంత గట్టిగా, ఆగకుండా. పక్కింట్లో కుక్కరు కూసినా నేను వీధిలోకి పరుగెత్తేదాన్ని. మా అత్తగారు మారుమాట లేకుండా గిన్నెలో అన్నం వండి గంజి వార్చేవారు. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. అది ఆవిడ మంచితనం. కానీ ఆ మంచితనం నీడలోనే నా భయం రెండేళ్ళు హాయిగా కాపురం చేసింది. తప్పించుకున్న ప్రతిసారీ గుండె కుదుటపడుతుంది, అందుకే మళ్ళీ తప్పించుకోవాలనిపిస్తుంది. నీ టార్చీ అంతే. మంచం కింద ఏమీ లేదని చూసిన అర నిమిషం నెమ్మది. ఆ నెమ్మది పోగానే ఇంకోసారి చూడాలనిపిస్తుంది.

నన్ను బయటపడేసింది మా బళ్ళో జీవశాస్త్రం చెప్పే మాస్టారు. లాబ్‌లో సీసాలో ఒక చచ్చిన రక్తపింజరి ఉండేది, పాడవకుండా ఫార్మలిన్ మందులో వేసి. "గుమ్మం దగ్గర నిలబడండి చాలు, లోపలికి రావద్దు" అన్నారు. వారమంతా గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆ మరుసటి వారం రెండు బల్లలు దాటాను. నాకు చెమటలు పడుతుంటే ఆయన పారిపొమ్మనీ అనలేదు, దగ్గరికి రమ్మనీ అనలేదు. "దడ పెరుగుతుందా? పెరగనివ్వండి. మీరు కదలకుండా ఉంటే అదే దిగుతుంది" అన్నారు. నిజంగానే దిగింది. ఎనిమిదో వారానికి ఆ సీసా నా చేతిలో ఉంది. వంటి మీద మచ్చలు గొలుసులా ఎంత వరసగా ఉంటాయో అప్పుడు చూశాను. అందంగా ఉంది చిట్టీ. ఆ మాట అనుకోగానే ఏడుపు వచ్చేసింది.

తర్వాత కుక్కరు. మొదట నూతి దగ్గర నిలబడి కూత విన్నాను, ఆ తర్వాత అరుగు మీద, ఆ తర్వాత వంటింటి గడప మీద. సంక్రాంతికి నేనే పప్పు పెట్టాను.

ఇప్పుడు నీ సంగతి. ఆ రాత్రి కథను నువ్వు మనసులో వెయ్యిసార్లు తిప్పుకుంటున్నావు, కానీ ప్రతిసారీ "చితి" అన్న మాట దగ్గరే ఆగిపోతున్నావు. దాని తర్వాత జరిగినది నీ లోపల ఎక్కడా లేదు. అందుకని ఆ రాత్రిని మొదటినుంచీ చివరిదాకా చెప్పాలి. నేల మీద చాప వేసుకుని పడుకోవడం, తెల్లవారుజామున కడుపునొప్పితో లేవడం, చీమ కుట్టిందేమో అనుకోవడం, రెప్పలు బరువెక్కడం, మాట ముద్దగా రావడం, ఆటో, ఆ మాట, గొట్టం, ఆ తర్వాత ఐదోనాడు నీ కుడికంటి రెప్ప వెంట్రుకవాసి విచ్చుకోవడం. ఆ రెప్ప దగ్గర నేను ఉన్నాను, నేను చూశాను. కథ అక్కడిదాకా రావాలి. పగటిపూట, కాఫీ తాగి, నమ్మకమున్న మనిషి ఎదురుగా చెప్పు. మధ్యలో ఏడుపు వస్తే ఏడువు, ఆపకు. ఒకసారితో అయిపోదు. పదిసార్లు చెప్పాక నీకే విసుగొస్తుంది, ఆ విసుగు రావడం మంచిది.

నీ ఒంట్లో జరిగింది కూడా తెలుసుకో. కట్లపాము విషం నరాల కొసలను పాడుచేస్తుంది. ఒకసారి పాడయ్యాక విషవిరుగుడు మందు కూడా వాటిని వెనక్కి తేలేదు. శరీరమే నెమ్మదిగా కొత్త కొసలు మొలిపించుకోవాలి. అందాకా మిషను ఊపిరి ఆడిస్తూ కాపలా ఉంటుంది, అంతే. నీకు ఆ మొలక ఐదు రోజుల్లో వచ్చింది. మనసుకీ కాపలా కావాలమ్మా, సిగ్గుపడకు. పాముకాటు నుంచి బయటపడినవాళ్ళను శ్రీలంకలో పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఐదుగురిలో ఒకరికి పైగా ఇలాంటి కలత వ్యాధిగా మిగిలిందని తేలింది. పీడకలలు, ఉలికిపాటు నెల దాటినా తగ్గకపోతే డాక్టరును చూడాలి. నీకు నెల దాటి చాలా రోజులైంది. 14416కి ఫోను చెయ్యి. అది టెలీ మానస్, మనసు బాగోనివాళ్ళకు ఫోనులోనే సాయం చెయ్యడానికి 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది, నేను తోడు వస్తాను. మన వైపు మనసు డాక్టరనగానే, విశాఖలో పిచ్చాసుపత్రి ఉన్న "చినవాల్తేరు పంపిస్తారా" అని ముఖం మాడుస్తారు. మాడ్చనీ. కాలు విరిగితే కట్టు కట్టించుకోమా?

వీడియోల దగ్గరికి వద్దాం. పామును చూడాలనిపించడం నీ ఒక్కదాని రోగం కాదు. బజార్లో పాము కనపడిందంటే కేకలు వేసేవాళ్ళూ, ముందుకు తోసుకుని చూసేవాళ్ళూ ఒకళ్ళే. కరుస్తుందని భయపడతాం, నాగులచవితికి చలిమిడి, చిమ్మిలి పట్టుకుని పుట్ట దగ్గరికి పోతాం. నీ మనసు నిన్ను పడగొట్టిన దాన్ని తెలుసుకోవాలని వెతుక్కుంటోంది. ఆ వెతుకులాట మంచిదే, వెతికే చోటు బాగోలేదు. అమెరికాలో సుసాన్ మినెకా అనే శాస్త్రవేత్త 1980లలో కోతుల మీద ప్రయోగాలు చేసింది. లాబ్‌లో పెరిగిన, పామును ఎరగని కోతులు, ఇంకో కోతి పామును చూసి బెదరడం చూసి తామూ బెదరడం నేర్చుకున్నాయి. తెర మీద వీడియోలో చూపించినా నేర్చుకున్నాయి. అదే పువ్వును చూసి బెదురుతున్నట్టు చూపిస్తే నేర్చుకోలేదు. నువ్వు అర్ధరాత్రి చీకట్లో ఎవరెవరి బెదురో చూస్తూ కూర్చుంటే ఏం నేర్చుకుంటున్నావో ఆలోచించు. ఆ వీడియోల్లో బుస, అరుపులు, గుండె అదిరే సంగీతం తప్ప పాము బతుకు ఏముంది?

అందుకని రాత్రి ఫోను అల్లుడుగారి దగ్గర పెట్టెయ్యి. చూడాలనిపిస్తే సాయంత్రం నాలుగింటికి, వెలుతురులో, అరగంట చూడు. బొమ్మలు చూడు, కాగితం మీద గియ్యి. కట్లపాము నిగనిగలాడే నలుపు, దాని మీద సన్నటి తెల్లకట్లు. కట్లు మెడ దగ్గర మసకగా ఉండి తోక వైపు పోనుపోను స్పష్టమవుతాయి. నీ మీదికి వచ్చింది పగతో కాదు. రాత్రిపూట బల్లులనూ ఎలుకలనూ చిన్నపాములనూ వెతుక్కుంటూ వచ్చి, చాప మీద వెచ్చగా ఉన్న నీ చెయ్యి కదిలితే బెదిరింది. "పాము పగ, తోక చుట్టరికం" అన్న సామెత చెప్పి మీ ఇంట్లో ఎవరో సర్పదోషం అన్నారని రాశావు. పూజ చేస్తే పెద్దవాళ్ళకు నెమ్మదిగా ఉంటుందంటే కూర్చో, కాదనకు. కానీ నువ్వేదో పాపం చేశావనీ, అది మళ్ళీ వెతుక్కుంటూ వస్తుందనీ ఎవరైనా అంటే మాత్రం నా పేరు చెప్పి ఊరుకోమను.

నీ ప్రాణం నిలిపిన మందు వెనక ఎవరున్నారో కూడా చదువు. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తం నుంచి తీస్తారు ఆ మందు. ఆ విషం తమిళనాడులో ఇరుళ గిరిజనులు పాములు పట్టి తీస్తారు, 1978 నుంచి వాళ్ళకొక సహకార సంఘం ఉంది. వాళ్ళలో వడివేల్ గోపాల్, మాసి సడయ్యన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది. పామును ఎలా చూడాలో తెలుసుకోవాలంటే అలాంటి మనుషుల నెమ్మదిని చూడు.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నాను. "ఒకసారి ముట్టుకుంటే భయం పోతుందేమో" అని రాశావు. వద్దు. సీసాలో ఉన్నది సరే, బతికున్న పాము జోలికి పోవద్దు, చచ్చిందనుకున్న దాని జోలికీ పోవద్దు. ఇంట్లోకి వస్తే పిల్లలను దూరం జరిపి అటవీశాఖవాళ్ళకు కబురు చెయ్యమను.

రాత్రి పద్ధతి ఇది. చాప మానెయ్, మంచం మీదే పడుకో. పక్క దులుపు. దోమతెర దించి నాలుగు వైపులా పరుపు కింద దోపు. టార్చి వేసి కింద ఒక్కసారి చూడు, "చూశాను" అని పైకి అను, టార్చి తలగడ పక్కన పెట్టు. దొడ్డికి లేవాల్సొస్తే టార్చి వెయ్యి, చెప్పులు వేసుకో. అది జాగ్రత్త. రెండోసారి మంచం కింద చూడాలనిపిస్తే అది భయం, దానికి లొంగకు. దడ పుడుతుంది, పుట్టనీ, వేళ్ళు లెక్కపెట్టుకుంటూ పడుకో. మొదటి నాలుగైదు రాత్రులు నరకంగా ఉంటుంది, అబద్ధం చెప్పను.

వచ్చే శనివారం పొద్దున్న బస్సుకి కాశీనగర్ వస్తున్నాను. రెండు రోజులుంటాను. వంశధార ఒడ్డున కూర్చుందాం, నువ్వు మొదలుపెట్టు, నేను వింటాను. నీకు తెలియని ఐదు రోజుల ముక్క నేను చెప్తాను. మంచి దోమతెర కూడా తెస్తున్నాను, దాని తాళ్ళు నాలుగు మూలలా నువ్వే కట్టాలి. కొట్లో కొలత అడుగుతున్నారు. మీది నులకమంచమా, పట్టెమంచమా, పొడవూ వెడల్పూ ఎన్ని జానలో కొలిచి రేపటిలోగా ఫోను చేసి చెప్పు.

ఇట్లు,
నీ పెద్దమ్మ