లెక్కల్లో ముందున్న ఏడో తరగతి పిల్లవాడిని ఇంటర్ పాఠాల వైపు ఎంత త్వరగా నడిపించాలి?

మీ అబ్బాయి ఏడో తరగతిలోనే లెక్కల్లో తోటివారికన్నా బాగా ముందున్నాడనీ, పదో తరగతి లెక్కలు ఎనిమిదిలోనే పూర్తిచేసి తొమ్మిది నుంచి ఇంటర్ పాఠాలు మొదలుపెట్టే ఫౌండేషన్ బ్యాచ్‌లో చేర్చమని స్కూలువారు అంటున్నారనీ రాశారు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ ఇద్దరు పిల్లలను రెండు రకాలుగా చదివించిన తండ్రిగా చెబుతున్నాను: ఒక ఏడాది ముందుకు వెళ్లనివ్వండి, రెండేళ్లు మాత్రం వద్దు.

మా పెద్దమ్మాయిని అలాంటి బ్యాచ్‌లోనే చేర్చాము. తొమ్మిదో తరగతి దసరా సెలవులనాటికి ఇంటర్‌లో వచ్చే అవకలన (డిఫరెన్షియేషన్) సూత్రాలు గడగడా అప్పజెప్పేది. ఆ సెలవుల్లో ఒక రాత్రి, ఒక సంఖ్య వర్గం ఆ సంఖ్యకు అయిదు రెట్లయితే ఆ సంఖ్య ఏదని అడిగాను. సమీకరణం రాసి, రెండు వైపులా ఒక ఎక్స్ కొట్టేసి, అయిదు అంది. సున్నా కూడా సరిపోతుంది కదమ్మా అంటే కాసేపు కాగితం వంకే చూసి, "అయితే కొట్టేయకూడదా నాన్నా?" అని అడిగింది. సున్నాతో భాగించకూడదని ఆమెకు తెలుసు. ఆ ఎక్స్ సున్నా కావచ్చునేమోనని ఆగి చూసుకునే అలవాటుకు కావలసిన వ్యవధి మేమే ఇవ్వలేదు. తర్వాత ఎంపీసీలో ఆమెను ఇబ్బంది పెట్టినవి సమాకలనమో శాంకవాలో కావు, వాటి మధ్యలో వచ్చే కారణాంక విభజన, అసమీకరణాలు, సరూప త్రిభుజాలు. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవే. అక్కడ కావలసిన వేగం ఈ పునాది నుంచే వస్తుంది.

అబ్బాయి విషయంలో దారి మార్చాము. ఎనిమిదిలో తొమ్మిదో తరగతి బహుపదులు, రేఖాగణితం చదివాడు. ప్రతి నిరూపణనూ కారణాలతో సహా పూర్తి వాక్యాలలో రాయించాను. తొమ్మిదిలో పదో తరగతి వర్గ సమీకరణాలు, శ్రేఢులు, త్రికోణమితి పూర్తయ్యాయి. మిగిలిన సమయాన్ని ఇంటర్ పాఠాలకు కాక సంఖ్యావాదానికీ, ఎన్ని విధాలుగా చేయవచ్చో లెక్కించే ప్రశ్నలకూ, ఒలింపియాడ్ తరహా రేఖాగణితానికీ ఇచ్చాము. గణిత ఒలింపియాడ్ తొలి మెట్టయిన ఐఓక్యూఎం పాత ప్రశ్నపత్రాలు ఇందుకు ఎంతో ఉపయోగపడ్డాయి: మూడు గంటలు, 30 ప్రశ్నలు, ప్రతి జవాబూ వందలోపు పూర్ణాంకమే, కలన గణితం అవసరమే ఉండదు. ఒక్క లెక్కతో రెండు రోజులు కూర్చోవడం వాడికి అక్కడే అలవాటైంది. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు వెతికి తెచ్చుకోవడం వాడికి ఇప్పటికీ ఇష్టం.



ముందుకు పంపాలా వద్దా అన్నది మార్కులను బట్టి తేల్చకండి. అధ్యాయం పేరు చెప్పకుండా, వేర్వేరు పాఠాల నుంచి పది కొత్త లెక్కలు ఇచ్చి, చేసినవాటిని మీకు వివరించమనండి. సూత్రం గుర్తురాకపోయినా బొమ్మ గీసుకుని, చిన్న సంఖ్యలతో ప్రయత్నించి దారి వెతుక్కుంటున్నాడంటే నిశ్చింతగా ముందుకు పంపవచ్చు. ఏ సూత్రం వాడాలని మొదటే మిమ్మల్ని అడుగుతున్నాడంటే ఇంకొన్నాళ్లు అక్కడే ఉండనివ్వండి. ఎలాగూ ఎంపీసీలో ఇంటర్ రెండేళ్ల పాఠాలూ మొదటి నుంచీ మళ్లీ చెబుతారు.

బ్యాచ్‌లో చేర్చాలనే నిర్ణయించుకుంటే, మధ్యలో పిల్లవాడు తడబడితే ఏడాది ఆగకుండా మామూలు సెక్షన్‌కు మార్చుతారా అని ముందే స్పష్టంగా అడగండి. మా అమ్మాయి విషయంలో మేము ఆ మాట అడిగేసరికి డిసెంబరు వచ్చింది, మార్చడం కుదరదన్నారు.