మీ బండి, మా సలహా: తక్కువ ఖర్చులో ఇంజన్‌కు క్రోమ్ కవర్లు

ఇంజన్ కవర్లకు క్రోమ్ మెరుపు తెప్పించుకోవాలనుకునే పాఠకులు రాసిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నా దగ్గర 2017 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఉంది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. పాత యజమాని రెండు పక్కల ఇంజన్ కవర్లకూ నల్లరంగు వేయించారు. అది ఇప్పుడు పెచ్చులుగా ఊడిపోతోంది. వాటి స్థానంలో క్రోమ్ కవర్లు బిగించాలని హైదరాబాద్ పుత్లీబౌలిలో అడిగితే, ఒక దుకాణంలో చెప్పిన ధరకూ పక్క దుకాణంలో చెప్పిన ధరకూ మూడింతల తేడా ఉంది. మూడు వేల రూపాయలకు మించి ఖర్చు పెట్టలేను. ఏది కొనాలి?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: ధరలో అంత తేడా ఉందంటే ఆ రెండు దుకాణాల వారూ ఒకే వస్తువు ధర చెప్పి ఉండరు. క్రోమ్ కవర్ అనే పేరుతో బజారులో మూడు రకాల వస్తువులు అమ్ముతున్నారు. అసలు కవర్ మీద అంటించే ప్లాస్టిక్ తొడుగు ఒకటి, పలుచని ఇనుప రేకును ఆకారానికి వంచి పూత వేసి పైన బిగించేది మరొకటి, అసలు కవర్‌ను తీసేసి దాని చోటులో పెట్టే అల్యూమినియం పోత కవర్ మూడోది. మొదటి రెండూ కేవలం అలంకారాలు. మూడోది మాత్రం ఇంజన్‌లో భాగం. అది ఆయిల్‌ను బయటకు పోనివ్వకుండా పట్టి ఉంచాలి, ఆయిల్ సీల్‌కు సరైన గూడు ఇవ్వాలి, దాని అంచు అసలు కవర్ అంచంత సమతలంగా ఉండాలి. చాలా ఇంజన్లలో ఆయిల్ ఫిల్టర్ గది, ఆయిల్ ప్రవహించే సన్నని దారులు కూడా ఒక పక్క కవర్‌లోనే ఉంటాయి. అందుచేత తక్కువ ధరకు దొరికిందని ఊరూ పేరూ లేని పోత కవర్‌ను ఇంజన్‌కు బిగించడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించను.

దుకాణంలో చూపించినది ఏ రకమో తెలుసుకోవడానికి చిన్న అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి. గట్టిగా అతుక్కుంటే అది ఇనుప రేకు. అల్యూమినియానికి అయస్కాంతం అంటదు, పైనున్న నికెల్ పొర వల్ల ఒకవేళ కొద్దిగా లాగినట్లు అనిపించినా ఇనుముకు ఉన్న పట్టు ఉండదు. గోటితో తట్టినప్పుడు బోలుగా చప్పుడు చేస్తూ, చేతికి లోహపు చల్లదనం తెలియకపోతే అది ప్లాస్టిక్. ఆ తరువాత కవర్‌ను తిరగేసి లోపలి వైపు చూడండి. వస్తువు నాణ్యతను చెప్పేది లోపలి వైపే. బోల్టు రంధ్రాల అంచులు శుభ్రంగా ఉన్నాయా, ప్యాకింగ్ (ఆయిల్ కారకుండా కవర్‌కూ ఇంజన్‌కూ మధ్య పెట్టే పలుచని పొర) కూర్చునే అంచు మీద పూత లేకుండా వదిలారా, ఆ అంచును మెషీన్ మీద చదును చేసిన గీతలు కనిపిస్తున్నాయా అన్నది గమనించండి. ప్యాకింగ్ అంచు మీద కూడా క్రోమ్ మెరుస్తూ ఉంటే దాన్ని అక్కడే తిరిగి ఇచ్చేయండి.

బండి సంవత్సరం కూడా దుకాణదారుకు స్పష్టంగా చెప్పాలి. మీ 2017 బండిలో ఉన్నది యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజన్) అనే పాత రకం. 2020 నవంబరులో అదే కంపెనీ మీటియర్ 350 బండితో వచ్చిన జె-సిరీస్ ఇంజన్ 2021 సెప్టెంబరు నుంచి క్లాసిక్‌కూ వచ్చింది. ఈ రెండు ఇంజన్ల కవర్లు ఒకదానికొకటి సరిపోవు. 'క్లాసిక్ 350 కవర్' అని మాత్రమే అడిగితే మీకు కొత్త ఇంజన్ కవర్ చేతికి రావచ్చు.

ఇప్పుడు మీ మూడు వేల సంగతి చూద్దాం. కవర్ ధర ఒక్కటే లెక్క వేసుకుంటే పొరపాటవుతుంది. కవర్ విప్పాలంటే ఆయిల్ దించాలి, కొత్త ప్యాకింగ్‌లు వేయాలి, అవసరమైతే సీళ్లు మార్చాలి, మళ్లీ ఆయిల్ పోయాలి, మెకానిక్‌కు కూలీ ఇవ్వాలి. మీ డబ్బులో పెద్ద భాగం వీటికే పోతుంది. మిగిలిన దానితో రెండు పక్కలకూ నాణ్యమైన క్రోమ్ కవర్లు కొనడం కుదరదని నా అంచనా. అందుకే మీరు అడగని మార్గం ఒకటి సూచిస్తాను. మీ బండికి ఉన్న అసలు కవర్లు అల్యూమినియం పోతవి. వాటి మీది నల్లరంగును రసాయనంతో తీయించి, నీటి ఎమెరీ కాగితంతో నాలుగు వందల నంబరు నుంచి మొదలుపెట్టి పన్నెండు వందల వరకు దశలవారీగా రుద్దించి, ఆపైన గుడ్డ చక్రం మీద బఫింగ్ చేయిస్తే అద్దంలా మెరుస్తాయి. పాత బుల్లెట్ ఇంజన్లలో మనం చూసిన మెరుపులో ఎక్కువ భాగం క్రోమ్ కాదు, ఇలా బఫింగ్ చేసిన అల్యూమినియమే. క్రోమ్‌లోని నీలిఛాయ దీనికి రాదు, కొంచెం తెల్లగా, మెత్తగా ఉంటుంది. వానాకాలంలో మసకబారుతుంది కూడా. కానీ మసకబారిన అల్యూమినియాన్ని ఇంట్లోనే మెటల్ పాలిష్‌తో రుద్ది మళ్లీ తళతళలాడించవచ్చు. పెచ్చు లేచిన క్రోమ్‌ను ఇంట్లో ఎవరూ బాగుచేయలేరు.

బఫింగ్‌కు ఇచ్చేటప్పుడు సీళ్లు, పిన్నులు అన్నీ తీసేసి ఇవ్వండి, ప్యాకింగ్ అంచును చక్రానికి తాకించవద్దని చెప్పండి. కవర్లు తిరిగి రాగానే ఆయిల్ దారులను కిరోసిన్‌తో కడిగించి, గాలి కొట్టించి, ఆ తరువాతే ఇంజన్‌కు ఎక్కించండి. రుద్దుడు పొడి రవ్వంత ఆ దారుల్లో మిగిలినా అది నేరుగా బేరింగుల దగ్గరకు వెళుతుంది. ఈ ఒక్క జాగ్రత్త విషయంలో మెకానిక్ మాట మీద ఆధారపడకుండా పక్కన నిలబడి చేయించుకోండి.

ప్రశ్న: మా 100 సీసీ బండికి ఇంజన్ పక్కన అంటించే ప్లాస్టిక్ క్రోమ్ తొడుగులు చాలా చౌకగా దొరుకుతున్నాయి. వేయించవచ్చా?
– ఒక విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: ఈ తొడుగుల్లో మంచివి ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేసి పూత వేసినవి. ఆ ప్లాస్టిక్ సుమారు 100 డిగ్రీల వేడికి మెత్తబడడం మొదలవుతుంది. మే నెలలో అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా ట్రాఫిక్‌లో నిలుస్తూ కదులుతూ వచ్చిన ఇంజన్ మీద జిగురు టేపు పట్టు సడలడానికి అంత వేడి కూడా అవసరం లేదు. ఊడిన తొడుగు కాలి దగ్గర గేర్ లివర్‌కు అడ్డుపడితే ప్రమాదం. సిలిండర్ రెక్కల మీద, సైలెన్సర్ వంపు దగ్గర దేనినీ అంటించవద్దు, గాలి తగిలి చల్లబడేలా ఆ రెక్కలను తయారు చేశారు. మీకు మెరుపు తప్పనిసరి అనుకుంటే ఆయిల్‌తో సంబంధం లేని చిన్న భాగం ఎంచుకోండి. చాలా బండ్లలో ముందు చెయిన్ స్ప్రాకెట్‌ను కప్పే మూత అలాంటిదే. రెండు మూడు బోల్టులు విప్పితే అది చేతికి వస్తుంది, ఇంజన్ తెరవాల్సిన పని ఉండదు, దానికి లోహపు క్రోమ్ మూత వేయించినా పెద్ద ఖర్చు కాదు.

ప్రశ్న: నా బండి అసలు కవర్లకే క్రోమ్ వేయించాను. బాలానగర్‌లో ఒక చిన్న యూనిట్ వారు వేసి ఇచ్చారు. మొదట్లో కళ్లు చెదిరేలా ఉన్నాయి. ఒక్క వానాకాలం గడిచేసరికి బుడగలు లేచి, పొరలుగా ఊడిపోయాయి. ఇనుప సైలెన్సర్ మీది క్రోమ్ మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉంది. తేడా ఎక్కడ వచ్చింది?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: తేడా క్రోమ్‌లో లేదు, దాని కింద ఉన్న లోహంలో ఉంది. అల్యూమినియాన్ని ఎంత శుభ్రంగా రుద్దినా గాలి తగిలిన వెంటనే దాని మీద పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొర మీద వేసిన ఏ పూతా గట్టిగా పట్టుకోదు. అందువల్ల అల్యూమినియం వస్తువును ముందుగా జింకేట్ ద్రావణంలో ముంచి, ఆక్సైడ్‌ను తొలగించి, దాని స్థానంలో సన్నని జింకు పొర ఏర్పడేలా చేయాలి. నాణ్యత కోరుకునేవారు ఈ పని రెండుసార్లు చేస్తారు. ఆ తరువాత రాగి, దాని మీద నికెల్, చివరిగా క్రోమ్ వస్తాయి. ఇనుముకు జింకేట్ దశతో పని లేదు కనుక ఇనుము మీద అలవాటు పడిన చేతులు అల్యూమినియం మీద తడబడతాయి. మీ కవర్లకు ఈ దశలో లోపం జరిగి ఉండే అవకాశమే ఎక్కువ. పోత అల్యూమినియంలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు కూడా ఉంటాయి. ఏళ్లుగా ఆయిల్ పీల్చుకున్న పాత కవర్‌లో ఆ జిడ్డు పూర్తిగా పోకపోతే వేడెక్కినప్పుడు అది బయటికి వచ్చి బుడగ లేపుతుంది. దీనికి తోడు, వేడికి అల్యూమినియం నికెల్ కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. బండి వేడెక్కి చల్లబడిన ప్రతిసారీ ఆ రెండింటి మధ్య లాగులాట జరుగుతుంది, పట్టు బలహీనంగా ఉన్న చోట పొర లేస్తుంది.

చాలామంది మెరుపంతా క్రోమ్‌దే అనుకుంటారు. అలంకార పూతలో క్రోమ్ మందం సాధారణంగా అర మైక్రానుకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించదు. తుప్పును ఆపేదీ, అద్దం లాంటి నునుపును ఇచ్చేదీ దాని కింద పదుల రెట్లు మందంగా ఉండే నికెల్. ఖర్చు తగ్గించాలనుకునే యూనిట్ ముందుగా నికెల్ మందాన్నే తగ్గిస్తుంది, అది ఇచ్చిన రోజున ఎవరికీ తెలియదు. అందుచేత మళ్లీ వేయించే ఆలోచన ఉంటే జింకేట్ చేస్తారా, నికెల్ ఎన్ని మైక్రాన్లు వేస్తారు, ఆయిల్ దారులనూ బేరింగ్ గూళ్లనూ ప్యాకింగ్ అంచునూ పూత పడకుండా మూసి ఉంచుతారా అని అడిగి, సూటిగా జవాబు చెప్పిన చోటే ఇవ్వండి. గట్టి ఉక్కు బోల్టులను మాత్రం కవర్లతో పాటు పూతకు వేయవద్దు. పూత వేసే క్రమంలో హైడ్రోజన్ లోపలికి చేరి అవి పెళుసుబారి విరిగే ప్రమాదం ఉంది. వాటికి బదులు స్టెయిన్‌లెస్ అలెన్ బోల్టులు కొని, మరలు పట్టేయకుండా వాటికి యాంటీ సీజ్ పేస్ట్ రాసి బిగిస్తే సరిపోతుంది.

ఇంకొక మాట. వీడియోలు చూసి ఇంట్లో క్రోమ్ పూత ప్రయత్నించాలనుకునేవారు దయచేసి మానుకోండి. పాత పద్ధతి ద్రావణాల్లో ఉండే ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. దాని ఆవిరి పీల్చినవారికీ, కాలువలో పారబోస్తే ఆ నీరు చేరిన చోటి వారికీ హాని జరుగుతుంది. వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఏర్పాటు ఉన్న యూనిట్ కొంచెం ఎక్కువ అడిగినా ఇవ్వదగినదే.

ప్రశ్న: క్రోమ్ క్లచ్ కవర్ బిగించిన తరువాత కింది అంచు నుంచి ఆయిల్ చెమర్చుతోంది. మెకానిక్ బోల్టులు ఇంకా బిగిస్తానంటున్నారు.
– ఒక పాఠకురాలు, ఎల్.బి.నగర్

జవాబు: బిగించనివ్వకండి. ఈ కవర్లకు ఎక్కువగా వాడే 6 మిల్లీమీటర్ల బోల్టులకు సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు, కచ్చితమైన అంకె మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. అంతకు మించి తిప్పితే అల్యూమినియం మరలు కొట్టుకుపోయి ఖర్చు ఇంకా పెరుగుతుంది. కవర్ విప్పించి పాత ప్యాకింగ్ ముక్కలు ఏమైనా మిగిలాయా, కవర్‌ను సరైన చోట నిలిపే లొకేటింగ్ పిన్నులు రెండూ చోటులో ఉన్నాయా చూడమనండి. తరువాత కవర్ అంచును మందపాటి గాజు పలక మీద పెట్టి నాలుగు మూలలా నొక్కండి. ఎక్కడైనా ఊగితే అది వంకర కవర్, సిలికాన్ పేస్ట్ పూసి సరిపెట్టకుండా తిరిగి ఇచ్చేయడమే మంచిది. ఊగకపోతే కొత్త ప్యాకింగ్ వేసి, బోల్టులను ఎదురెదురుగా, రెండు మూడు దఫాలుగా బిగించమని చెప్పండి.

ప్రశ్న: నాది హార్లే డేవిడ్‌సన్ ఐరన్ 883. ఎడమ పక్క క్లచ్‌ను కప్పే గుండ్రటి డెర్బీ కవర్‌ను క్రోమ్‌ది వేయాలనుకుంటున్నాను. ఏ హార్లే కవర్ అయినా సరిపోతుందా?
– ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: సరిపోదు. 2004 నుంచి వచ్చిన హార్లే స్పోర్ట్‌స్టర్ రకం బండ్ల డెర్బీ కవర్‌కు ఆరు స్క్రూలు ఉంటాయి. ఐరన్ 883 ఈ కుటుంబానిదే. 1999 నుంచి వచ్చిన హార్లే పెద్ద ఇంజన్లకు ఐదు, అంతకు ముందరి వాటికి మూడు స్క్రూల కవర్లు వాడారు. కొనేముందు రంధ్రాలు లెక్కపెట్టుకోండి. తక్కువ ఖర్చులో మెరుపు కోరుకునేవారికి నిజానికి ఈ కవర్ మంచి ఎంపిక, ఎందుకంటే ఇంజన్ పక్క భాగం మొత్తం విప్పకుండానే దీన్ని మార్చవచ్చు. బండిని సైడ్ స్టాండ్ మీద ఎడమకు వాల్చి ఉంచి విప్పితే మాత్రం లోపలి ఆయిల్ కారిపోతుంది. నిటారుగా నిలబెట్టి విప్పండి. సీల్ కొత్తది వేయండి. ఈ బండికి టార్క్స్ స్క్రూలు (తలలో నక్షత్రం ఆకారపు గాడి ఉండేవి) వాడారు, సరైన బిట్ లేకుండా అలెన్ కీతో ప్రయత్నిస్తే తలలు పాడవుతాయి.

ప్రశ్న: క్రోమ్ కవర్లు వేయిస్తే ట్రాఫిక్ పోలీసులు మార్పు చేశారని చలానా వేస్తారా?
– ఒక పాఠకుడు, చార్మినార్

జవాబు: 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకునేది, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నంగా మారేటట్లు చేసే మార్పులను. కవర్ మెరుపు ఆ కోవలోకి రాదు. ఇంజన్ నంబరు చెక్కిన చోటును మాత్రం పూతతో గానీ తొడుగుతో గానీ కప్పవద్దు.

ప్రశ్న: మా ఇంట్లో బోరు నీళ్లే. కడిగిన ప్రతిసారీ క్రోమ్ మీద తెల్లటి మచ్చలు వస్తున్నాయి. ఇత్తడి సామానుకు చేసినట్లు చింతపండుతో రుద్దవచ్చా?
– ఒక గృహిణి, ఉప్పల్

జవాబు: వద్దండి. ఇత్తడిని పులుపు శుభ్రం చేస్తుంది, కానీ క్రోమ్ పొరలో సహజంగానే ఉండే సన్నని చీలికల గుండా అదే పులుపు నికెల్ దాకా వెళ్లి పూతను బలహీనపరుస్తుంది. బాత్‌రూం కడిగే యాసిడ్ ఇంకా హానికరం, అది క్రోమ్‌నే కరిగించేస్తుంది. ఆ మచ్చలు నీటిలోని సున్నం ఆరిపోగా మిగిలినవి. ఇంజన్ పూర్తిగా చల్లారాక, వాహనాలకు వాడే షాంపూతో కడిగి, చివరి కడుగుకు ఒక బక్కెట్ ఆర్వో నీళ్లో పట్టి ఉంచిన వాననీళ్లో వాడి, ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేస్తే అవి రావు. వానలు మొదలయ్యే ముందు ఒకసారి మైనం పాలిష్ రాయండి. ఇనుప భాగాల మీది క్రోమ్‌పై ఎర్రటి తుప్పు చుక్కలు కనిపిస్తే, వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను నలిపి, నీటిలో తడిపి, ఒత్తిడి లేకుండా రుద్దండి. ఫాయిల్ క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు. చుక్కలు పోయాక వెంటనే తుడిచి ఆ చోట మైనం రాసేయండి.