పండ్ల తొక్కలతో, తిండి వృథాతో బట్టలు తయారుచేయొచ్చంటున్నారు, మన కోనసీమలో కుదిరే పనేనా?

కుదురుతుందండి, మేం చేశాం. సరిగ్గా రెండు మీటర్లు. ఆ గుడ్డ ఇప్పుడు మా ఇంట్లో కుట్టుమిషన్ మీద కప్పి ఉంది.

నా పుట్టిల్లు రావులపాలెం దగ్గర లంకలో, అన్నీ అరటితోటలే. మెట్టినిల్లు బండారులంక, మగ్గాల ఊరు. అందుకే ఈ ప్రశ్న నన్నే అడిగినట్టు అనిపించింది. మీరు తొక్కల గురించి అడిగారు, నేను అరటి బొంద, అంటే అరటిచెట్టు మాను గురించి చెబుతాను. అది తిండి వృథా ఎలా అవుతుందని వాదించకండి. చెట్టు ఒక్కసారే గెల వేస్తుంది, గెల కోశాక ఆ నిలువెత్తు బొందంతా పారేసేదే. కూలిచ్చి నరికించి కాలవగట్టున పడేస్తారు, అది కుళ్ళి, గుర్రపుడెక్కతో కలిసి డ్రెయిన్లకి అడ్డం పడి, వానొస్తే మళ్ళీ మన చేలే మునుగుతాయి. పోలి పాడ్యమి నాడు దొప్పలో దీపం వదలడానికి తప్ప దానికి గిరాకీ లేదు.

నాలుగేళ్ళ క్రితం వేసవిలో మా వదిన వాళ్ళ డ్వాక్రా గ్రూపు లోను తీసుకుని నార తీసే మిషన్ కొన్నారు. పిల్లల సెలవులకి వెళ్ళాను కదా అని నేనూ సాయం దిగాను. బొందని పొరలు పొరలుగా విడదీసి, ఒక్కో పొరని తిరిగే డ్రమ్ముకి అందించి వెనక్కి లాగాలి. గుజ్జంతా అవతలికి ఎగిరిపోయి చేతిలో తెల్లటి నార మిగులుతుంది. తీగ మీద ఆరేస్తే, మా నాయనమ్మ తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటున్నట్టే ఉంది. ముచ్చటేసింది. వదిన ముందే చెప్పింది, పాత నైటీ వేసుకోవే అని. వినలేదు, లేత గులాబీరంగు నేత చీరతో కూర్చున్నాను. పసరు పడినప్పుడు నీళ్ళలాగే ఉంటుంది, తెల్లారేసరికి టీ ఒలికినట్టు మరకలు. నిమ్మకాయ, సోడా, ఇద్దరు చాకలివాళ్ళు, ఎవరివల్లా కాలేదు. బట్టలు చేద్దామని వెళ్ళి ఉన్న బట్ట పాడుచేసుకొచ్చాను.

రెండో రోజు సాయంత్రం కరెంటు పోయింది. కోసిన పొరలు రాత్రంతా కుప్పగా ఉండిపోయాయి, పొద్దున తీస్తే నార గోధుమరంగులో వచ్చింది. తీసిన వెంటనే కడిగి ఆరబెట్టకపోయినా అంతే. అదేగానీ పెద్ద రహస్యమేం లేదు. అసలు కష్టం బరువు. బొందలో ఉండేది చాలావరకు నీళ్ళే కదా, వంద బొందలు మోసి, చీల్చి, ఆడిస్తే ఎండాక పదహారు కిలోల నార తేలింది. మోతకూలీ లెక్క వేసుకుంటే వదిన మొహం చూడాలి!

అందులో రెండు కిలోలు మా మావయ్యగారికి తెచ్చిచ్చాను. ఆయన వేళ్ళ మధ్య నలిపి, "ఇది దారం కాదమ్మా, నార" అన్నారు. అయినా వదల్లేదు. పోగు పొడవు బొందంతే ఉంటుంది కాబట్టి కొసకి కొస ముడేసి కండెలు, అంటే చిన్న గొట్టాల మీద చుట్టాం. పడుగు, అంటే నిలువు పోగులు నూలు; పేక, అంటే అడ్డ పోగులు నార. ఎండలకి పోగు పుటుక్కున తెగుతుంటే తడిగుడ్డ కప్పి కండె మెత్తబడ్డాక నాడెలో, అంటే పేకని అటూ ఇటూ నడిపే పనిముట్టులో పెట్టేవారు. ముడి వచ్చిన చోటల్లా ఆగడమే. మూడు రోజులకి రెండు మీటర్లు. మెరుపు ఉంది కానీ ఒంటికి గుచ్చుకుంటుంది. ఈ హడావుడి చూసి ఆయన, "గంజి పారబొయ్యకుండా పడుగుకి పట్టించేవాళ్ళం, అది మాత్రం వృథాని బట్టలో పెట్టడం కాదా?" అన్నారు. కుక్కర్లొచ్చి ఇప్పుడు ఇళ్ళల్లో గంజే లేదు, అది వేరే బాధ.

చేయలేమని కాదు. చెన్నై దగ్గర అనకాపుత్తూరులో నేతవాళ్ళు అరటినార కలిపి చీరలు నేస్తారు. జపాన్‌లో ఒకినావా వాళ్ళ బషోఫు అనే గుడ్డ అరటినారదే, అయితే అది పండు కోసం పెంచే అరటి కాదు, నార కోసమే పెంచే రకం. వాళ్ళు తొడుక్కునే కిమోనో ఒకదాని గుడ్డకి 200 చెట్ల దాకా పడతాయట. మీరడిగిన తొక్కల సంగతి వేరు. ఇటలీలో సిసిలీ వాళ్ళు రసం తీసిన నారింజ పిప్పి నుంచి సెల్యులోజ్, అంటే మొక్కల్లో ఉండే పీచు పదార్థం తీసి దారం చేశారు, 2017లో ఫెర్రగామో అనే ఫ్యాషన్ కంపెనీ దాంతో బట్టలూ కుట్టింది. కానీ దానికి సెల్యులోజ్‌ని కరిగించి దారంగా లాగే రసాయనాల ఫ్యాక్టరీ కావాలి, పెరట్లో అయ్యే పని కాదు. మన దగ్గర నిజంగా పనికొచ్చేది కొబ్బరినీళ్ళని నా నమ్మకం. కేరళలో మలై అనే సంస్థ పారబోసే కొబ్బరినీళ్ళలో బ్యాక్టీరియాని పెంచి, ఆ మీగడలాంటి పొరకి అరటినారలాంటివి కలిపి తోలులాంటి సరుకు చేస్తోంది. అంబాజీపేట చుట్టుపక్కల పచ్చికాయ కొట్టినప్పుడల్లా నీళ్ళు నేలపాలే కదా. కురిడీ, అంటే కాయలోనే ఎండిన కొబ్బరి అయితే నీళ్ళు లోపలే ఇంకిపోతాయనుకోండి.

ఇంకో మాట. మిషన్ అమ్మినాయన "నారంతా మేమే కొంటాం" అని, శిక్షణ రోజున అందరితో ఫోటోలు దిగి వెళ్ళాడు. మొదటి సరుకు తీసుకున్నాడు, రెండోసారి నుంచి ఫోనెత్తలేదు. కాబట్టి కొనేవాడు దొరికాకే మిషన్ కొనండి, ఈ విషయంలో నా మాట వినండి.

వదిన మాత్రం మిషన్ మూలన పడెయ్యలేదు. ఇప్పుడు నార కట్టలు కట్టి కడియపులంక పూల మార్కెట్‌కి పంపుతోంది, దండలు కట్టేవాళ్ళు తీసుకుంటున్నారు. లోను ఇంకా తీరలేదు. చూడాలనుంటే వేసవిలో రండి, పాత బట్టలు వేసుకుని.