అమ్మ పోయాక ఇంట్లో సామాను ఏం చేయాలి? ముందు ఎవరి గిన్నెలు వాళ్లకిచ్చేయండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మగారు పోయి మూడు నెలలైంది, ఊళ్లో ఇంటికి తాళం వేసి ఉంది, సామానంతా అమ్మేసి ఇల్లు అద్దెకిచ్చేద్దామని మీ తమ్ముడు అంటున్నాడు, మీకేమో ఆవిడ బీరువా తలుపు తీయడానికే చేతులు రావట్లేదు. మీ ఇళ్లలో ఏం చేశారని అడిగారు. మేం చేసినవాటిలో సగం తప్పులే. అవి కూడా కలిపే చెబుతాను.

మా అమ్మ 2022 ఆగస్టులో పోయింది. 81 ఏళ్లు. తెనాలి గంగానమ్మపేటలో పాత డాబా ఇల్లు. నాన్నగారు బడిపంతులు, 2006లో పోయారు. అప్పట్నుంచీ ఆవిడ ఒక్కతే ఉండేది. రమ్మంటే ‘నా ఇంట్లో నా కాఫీ నేను తాగనీండే’ అనేది. నేను హైదరాబాదులో, తమ్ముడు విజయవాడలో, చెల్లెలు అమెరికాలో డాలస్‌లో. పెద్దకర్మ అయ్యేసరికి చెల్లెలికి ఇంకా తొమ్మిది రోజులే సెలవుంది. ఆ తొమ్మిది రోజుల్లో ఇల్లంతా తేల్చేద్దామని నడుం కట్టాం. మొదటి తప్పు అదే.

వంటింటితో మొదలుపెట్టాం. మన ఇళ్లలో స్టీలు గిన్నెలకి పేరు చెక్కించడం అలవాటు కదా. ఒక్కోటీ బోర్లించి చదువుతుంటే నాన్నగారి పేరు, మా పెళ్లిళ్ల తేదీలు, ఎవరి గృహప్రవేశానికో పంచిన పళ్లేలు వస్తున్నాయి. మధ్యలో చెల్లెలు ‘ఇది మనది కాదక్కా’ అంది. ఎదురింటి మామ్మగారి కారియరు గిన్నె. ఇంకోటి పక్కింటి పిన్నిగారిది. అలా లెక్కేస్తే పదకొండు గిన్నెలు మావి కావు. పండగ రోజు పులిహోర పెట్టో, జ్వరమొచ్చినప్పుడు చారు పోసో ఎవరో పంపినవి. ఉత్త గిన్నె తిరిగి పంపకూడదని, ఏదో ఒకటి చేసినప్పుడు అందులో వేసి ఇద్దామని అమ్మ అట్టే పెట్టింది. ఆ ‘ఏదో ఒకటి’ చేసే ఓపిక ఆఖరి రెండు నెలలూ లేకపోయింది.

తమ్ముడు విసుక్కున్నాడు, ఇప్పుడా ఈ పని అని. చెల్లెలు వినలేదు. సాయంత్రం ఇద్దరం సంచిలో వేసుకుని వీధిలో బయల్దేరాం. అమ్మ ఏనాడూ ఉత్త గిన్నె పంపి ఎరగదు, మేం ఉత్త గిన్నెలే పట్టుకెళ్లాం. ఆ సాయంత్రం తెలిసింది, ఆ ఇంట్లో సామానంటే ఒకచోట పేర్చి ఉన్నది కాదు, వీధంతా తిరుగుతూ ఉందని. ఒకావిడ ‘మీ అమ్మ ఇడ్లీ రేకులు మా దగ్గరే ఉన్నాయి’ అని తెచ్చిచ్చింది. ఇంకొకావిడ దగ్గర మా నాన్నగారి టార్చిలైటు. ఆవిడ టార్చి చేతిలో పెట్టి లోపలికెళ్లి పది నిమిషాలు బయటికి రాలేదు.

గోడకున్న క్యాలెండరు కూడా అప్పుడే చదివాను. సిలిండరు మార్చిన తేదీ, పాలు రాని రోజుకి సున్నా, చీటీ కట్టిన నెలకి అడ్డగీత. వీధిలో ఆడవాళ్లంతా కలిసి నడుపుకునే చీటీ ఒకటుందని మాకెవరికీ తెలియదు. 20 నెలల చీటీలో 14 నెలలు కట్టేసింది, ఇంకా పాడలేదు. మిగిలిన ఆరూ తమ్ముడు కట్టాడు, డబ్బు పైసాతో సహా ఇచ్చారు. ఒకావిడ తనే వచ్చి ‘అమ్మ దగ్గర 40,000 తీసుకున్నాను, కాగితం లేదు, సంక్రాంతికిస్తాను’ అని చెప్పి, చెప్పినట్టే ఇచ్చింది. క్యాలెండరు మూల ఇంకో అంకె, పక్కన పొడి అక్షరం ఉన్నాయి. ఆ మనిషెవరో మాకు అర్థమైంది, ఆ మనిషికీ అర్థమైంది. రాలేదు. మేమూ అడగలేదు.

అందుకే మీకు చెప్పేది, బీరువా జోలికి ఇప్పుడే పోకండి. ముందు ఆవిడకి ఎవరితో ఏ ఇచ్చిపుచ్చుకోవడం ఉందో చూసి అది తీర్చండి. పాలబ్బాయికి బాకీ ఉందా, పనమ్మాయికి ఈ నెల జీతం అందిందా, పండక్కి చీర కొంటానని మాటిచ్చిందా, ఎవరి వస్తువు ఎవరింట్లో ఉంది. ఇవి ఆలస్యమైతే జనం మరిచిపోతారు, లేదా అడగలేక ఊరుకుంటారు. ఏడ్చుకుంటూ కూడా చేయగలిగిన పనులివి. మనసు రాకపోయినా కాళ్లు నడుస్తాయి.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. మరణం 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుం ఉండదు. మీరు ఇంకా చేయించకపోతే ఆలస్య రుసుం, అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటనివ్వకండి, అప్పుడు మరీ తిప్పలు. సర్టిఫికెట్టు నకళ్లు పది తీసుకోండి, ప్రతివాడూ ఒకటి అడుగుతాడు. ఫ్యామిలీ పెన్షన్ వస్తుంటే ట్రెజరీకి వెంటనే చెప్పండి, తర్వాత పడ్డ నెలల డబ్బు వెనక్కి కట్టాల్సిందే. ఆవిడ ఫోన్ నంబరు ఏడాది పాటు రీఛార్జి చేయిస్తూ ఉండండి. గ్యాసు, కరెంటు బిల్లు, అన్నిటికీ ఓటీపీ దానికే వస్తుంది. కానీ ఆ ఫోనుతో, ఏటీఎం కార్డుతో డబ్బు మాత్రం తీయకండి. మా తమ్ముడు కర్మ ఖర్చులకని మర్నాడే 10,000 తీశాడు. పాపం దురుద్దేశం ఏమీ లేదు. తర్వాత బ్యాంకువాళ్లు తేదీలు చూసి నిలదీస్తే ముగ్గురం సంతకాలు పెట్టి ఉత్తరం రాసిచ్చాం. అలాగే బ్యాంకు ఖాతాలో నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే, సొంతదారు కాదు. వీలునామా లేకుండా పోయిన హిందూ స్త్రీ ఆస్తి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం మొదట కొడుకులకీ కూతుళ్లకీ, భర్త ఉంటే ఆయనకీ సమానంగా వెళుతుంది. కాబట్టి ఇల్లు ఏం చేయాలన్నది మీ తమ్ముడొక్కడి ఇష్టమూ కాదు, మీ ఒక్కరి ఇష్టమూ కాదు. పోట్లాడటానికి చెప్పట్లేదు, తెలిసుంటే మాట మెత్తగా వస్తుందని.

బంగారం దగ్గర మేం పోట్లాడుకోలేదు. ఆ గొప్ప మాది కాదు, అది తక్కువగా ఉంది. తెలిసిన కంసాలిని ఇంటికే పిలిపించి అందరి ముందూ తూకం వేయించాం. పాత నగల్లో లోపల లక్క ఉంటుంది, రాళ్ల బరువు వేరే, అన్నీ తీసేస్తే 13 కాసులు తేలింది, అంటే 104 గ్రాములు. మూడు వాటాలు వేసి లేవబోతుంటే చెల్లెలు ‘మరి మరదలికో?’ అంది. తమ్ముడి భార్య ఆరేళ్లు ప్రతి ఆదివారం విజయవాడ నుంచి కారియరు కట్టుకొచ్చి, అమ్మకి తలంటి, వారానికి సరిపడా పొడులు కొట్టి పెట్టి వెళ్లేది. చట్టంలో ఆవిడకి వాటా లేదు. నా బుర్రలోనూ లేదని ఒప్పుకోవాలి. నాకంటే పదేళ్లు చిన్నదైన చెల్లెలు, అదీ సముద్రాల అవతల ఉండేది, ఆ మాట అనాల్సి వచ్చింది. అమ్మ చేతికుండే గాజుల జత మరదలికి ఇచ్చాం. తీసుకోనని లోపలికెళ్లి కూర్చుంది. చేతికి నేనే తొడిగాను.

పోట్లాట వచ్చింది కాఫీ ఫిల్టరు దగ్గర. ఇత్తడిది, అడుగున సొట్ట. తమ్ముడూ చెల్లెలూ ఇద్దరికీ అదే కావాలి. యాభై దగ్గరపడ్డ వాడికీ, ఇద్దరు పిల్లల తల్లికీ మధ్య మూడు రోజులు మాటల్లేవు. చివరికి చీటీలు వేశాం. ఎవరికొచ్చిందో చెప్పను, ఇప్పటికీ రెండోవాళ్లు దాని గురించి సణుగుతూనే ఉన్నారు.

ఇక చీరలు. మీరు ముఖ్యంగా అడిగింది వీటి గురించే. మా అమ్మవి 137, అందులో పట్టువి 16. పోయినవాళ్ల బట్టలు కట్టుకోకూడదనే పట్టింపు కొన్ని ఇళ్లలో ఉంది, కొన్నిటిలో లేదు. మీ ఇంటి పెద్దవాళ్లని అడగండి కానీ మీ మనసుకి ఏది పడితే అదే చేయండి. పట్టుచీరలు ఆడవాళ్లం, మేనకోడళ్లం అంతా గుండ్రంగా కూర్చుని తలా ఒకటి ఎంచుకున్నాం. ఎంచుకునేటప్పుడు ఆ చీర అమ్మ ఎక్కడ కట్టిందో చెప్పాలని ఒక పిల్ల నియమం పెట్టింది. ఆ మధ్యాహ్నం మేం నవ్వినంత నవ్వు ఆ ఇంట్లో నెలలుగా లేదు. మీరు దాచుకునేవాటిని తెల్లటి నూలుగుడ్డలో చుట్టండి, కలరా ఉండలు జరీకి తగలకుండా చూడండి, జరీ నల్లబడుతుంది. నాలుగైదు నెలలకోసారి మడత మార్చాలి, లేకపోతే మడత దగ్గర చీలిపోతుంది. ‘పాత పట్టుచీరలు కొంటాం’ అని వీధిలో అరుచుకుంటూ వచ్చేవాళ్లకి అందులో ఉన్న వెండి కావాలి, చీర కాదు. అసలు జరీ అంటే వెండి తీగ మీద బంగారు పూత కదా. వాళ్లకి ఇచ్చే ముందు జరీ అసలుదో కాదో తెలిసినవాళ్లకి చూపించండి.

నూలు చీరలు, మంగళగిరివీ వెంకటగిరివీ, ఉతికి ఉతికి మెత్తబడ్డవి, రెండు బొంతలు కుట్టించాం. ఒకటి డాలస్ వెళ్లింది. మిగిలినవి వృద్ధాశ్రమానికి ఇద్దామని మూటలు కట్టి ఆటోలో తీసుకెళ్తే వాళ్లు మర్యాదగానే సగం వెనక్కిచ్చారు. చీర కట్టుకునే ఓపిక ఉన్నవాళ్లు అక్కడ తక్కువట, నైటీలు, దుప్పట్లు, తువ్వాళ్లు కావాలట. ముందు ఫోన్ చేసి అడిగి ఉంటే సరిపోయేది. అమ్మ వాకరు మాత్రం మర్నాటికే వీధి చివర ఒక తాతగారి చేతికి వెళ్లిపోయింది. మీ దగ్గర అలాంటివి, వీల్‌చైరు, గాలిపరుపు లాంటివి ఉంటే అవి దాచకండి. ఇవాళే ఎవరికో అవసరం ఉంటుంది.

ఇత్తడి గుండిగలు, బిందెలు అపార్ట్‌మెంటుల్లో పట్టవు, ఒకటి రెండు ఉంచుకుని మిగతావి తూకానికి వేశాం. ఒక్క జాగ్రత్త. కంచు సామాను విడిగా పెట్టండి. పాత సామాన్ల కొట్టువాడు కంచునీ ఇత్తడి కింద కలిపి తూస్తాడు, కంచు ఖరీదు ఎక్కువ. చేత్తో పట్టుకుని గరిటెతో కొడితే కంచు ఖంగుమని చాలాసేపు మోగుతుంది. మా అన్నం తినే కంచాలు రెండు అలా కలిసిపోతుంటే మరదలు పట్టుకుంది.

నన్ను ఇప్పటికీ తినేసేది ఒకటుంది. ఏడో రోజు సాయం చేద్దామని వచ్చిన బంధువులు అటక మీది కాగితాలన్నీ మూటగట్టి పాత పేపర్లవాడికి వేసేశారు. నేనే సరే అన్నాను, అలిసిపోయి. అందులో అమ్మ లెక్కల పుస్తకాలున్నాయి. ముప్పై ఏళ్ల కూరగాయల ఖర్చు, మధ్యమధ్యలో మాగాయకి ఉప్పు కొలత, మాలో ఎవరికి ఏ రోజు జ్వరమొచ్చిందీ. సాయంత్రం గుర్తొచ్చి పరుగెత్తితే లారీ వెళ్లిపోయింది. కొలత చెబితే ఇప్పుడు ఎవరైనా మాగాయ పెడతారు. నాకు కావాల్సింది ఆ దస్తూరీ. మీరు ఏది పారేసినా, చేత్తో రాసిన కాగితం మాత్రం చదవకుండా పారేయకండి. అందుకే తొమ్మిది రోజుల్లో తేల్చొద్దంటున్నాను.

మీ తమ్ముడి మాట పూర్తిగా కొట్టిపారేయకండి. తాళం వేసిన ఇల్లు నిలవదు. మా ఇంటికి ఒక్క వానాకాలంలోనే కిటికీ చెక్కలకి చెదలు పట్టాయి. ఏటి సూతకం వెళ్లి సంవత్సరీకం పెట్టేదాకా ఏదీ అమ్మొద్దనుకున్నాం కానీ, ముందు వాటా ఆరో నెలలోనే అద్దెకిచ్చాం, వెనక గదిలో అమ్మ సామాను పెట్టుకుని. పొయ్యి వెలుగుతుంటే ఇల్లు బాగుంది. మీరూ అలా ఒక గది అడిగి చూడండి. అతనికి అద్దె వస్తుంది, మీకు వ్యవధి దొరుకుతుంది. అతని తొందరలో కూడా దుఃఖమే ఉండొచ్చు. మా వాడు ఆ ఇంట్లో రాత్రి పడుకోలేకే తొందరపడ్డాడని తర్వాత మరదలు చెప్పింది.

ఆ పదకొండు గిన్నెల్లో ఒకటి మిగిలిపోయింది. అడుగున ‘కె.ఎస్.’ అని ఉంది. వీధంతా అడిగాం, ఎవరిదీ కాదన్నారు. వీధి వదిలి వెళ్లిపోయినవాళ్లదేమో. అది నాతోపాటు హైదరాబాదు వచ్చింది, పెరుగు తోడు వేయడానికి వాడుతున్నాను. పోయిన వారం పై వాటాలో అద్దెకుండే అమ్మాయి తోడు కావాలంటే అందులోనే పోసి పంపాను. గిన్నె ఇంకా తిరిగి రాలేదు.