లెక్కల గది: హద్దులు ముందు, ఇంటిగ్రల్ తర్వాత

(పాఠకుల ప్రశ్నలకు గుంటూరు బ్రాడీపేటలో ఉండే విశ్రాంత గణిత అధ్యాపకురాలి జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మల్టీవేరియబుల్ కాలిక్యులస్, అంటే ఒకటికంటే ఎక్కువ చలరాశులున్న కాలిక్యులస్ గురించే. ఇంజనీరింగ్ కాలేజీల్లో మొదటి మిడ్ మార్కులు వచ్చినట్టున్నాయి.

ప్రశ్న: ఇంటర్‌లో లెక్కల్లో నాకు ఎప్పుడూ మంచి మార్కులే. ఇప్పుడు బీటెక్ మొదటి సంవత్సరం. పార్షియల్ డెరివేటివ్‌లు (పాక్షిక అవకలజాలు) బాగానే చేస్తున్నాను కానీ డబుల్ ఇంటిగ్రల్స్‌లో ఎక్స్, వైలలో దేన్ని ముందు ఇంటిగ్రేట్ చేయాలో ఆ క్రమం మార్చమంటే చేయి ఆడటం లేదు. మిడ్‌లో ముప్పైకి పదకొండు వచ్చాయి. ఫార్ములాలన్నీ కంఠతా వచ్చు. లోపం ఎక్కడ ఉంది మేడమ్?
ఒక విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: లోపం నీ ఉత్తరంలోనే ఉంది నాయనా, ‘కంఠతా’ అన్నచోట. ఇంటర్‌లో ఇంటిగ్రల్‌కు హద్దులంటే రెండు అంకెలు. వాటిని చివర్లో ప్రతిక్షేపిస్తే పని అయిపోయేది. ఇక్కడ హద్దు ఒక గీత, లేదా ఒక వంపు. కాగితం మీద బొమ్మ పడకుండా దాన్ని పట్టుకోవడం నా వల్ల కూడా కాదు. అయినా పేపర్లు దిద్దినన్నాళ్ళూ బొమ్మ గీసిన జవాబు నాకు అరుదుగానే కనిపించేది. కోచింగ్‌లో అలవాటైన వేగం బొమ్మ గీయనివ్వదు.

ఈ లెక్క చూడు. ఇంటిగ్రేట్ చేయవలసింది ‘ఇ’ అనే సంఖ్యకు (దాదాపు 2.718) ఎక్స్ స్క్వేర్ ఘాతం. లోపలి ఇంటిగ్రల్ ఎక్స్‌కు సంబంధించి, వై నుంచి 1 దాకా. బయటిది వైకి సంబంధించి, 0 నుంచి 1 దాకా. లోపలిది తెల్లవార్లూ కూర్చున్నా తెగదు. మనకు తెలిసిన మామూలు ఫంక్షన్లతో దాని ఇంటిగ్రల్ రాయడం అసాధ్యమని ఎప్పుడో నిరూపించారు కాబట్టి అందులో నీ చేతకానితనం ఏమీ లేదు. ఇప్పుడు బొమ్మ గీయి. వై ఈక్వల్స్ ఎక్స్ అనే గీత, ఎక్స్ ఈక్వల్స్ 1 అనే నిలువు గీత, కింద ఎక్స్ అక్షం. ఒక త్రిభుజం వచ్చింది కదా? ప్రశ్నలో దాన్ని అడ్డపట్టీలుగా కోశారు. నువ్వు నిలువు పట్టీలుగా కోయి. వై 0 నుంచి ఎక్స్ దాకా వెళ్తుంది, ఎక్స్ 0 నుంచి 1 దాకా. లోపలి ఇంటిగ్రల్ చేయగానే ఒక ఎక్స్ వచ్చి పక్కన చేరుతుంది. ఇక ఎక్స్ స్క్వేర్‌ను కొత్త చలరాశిగా తీసుకుంటే అది ఇంటర్ రెండో సంవత్సరం లెక్కే. ఇలోంచి 1 తీసివేసి, మిగిలినదానిలో సగం తీసుకుంటే అదే జవాబు, దాదాపు 0.86.

పోలార్‌లోకి, అంటే కేంద్రం నుంచి దూరం ఆర్, కోణం థీటాల్లోకి మార్చేటప్పుడు ‘ఆర్’తో గుణించడం మరిచిపోతున్నావని కూడా నా అనుమానం. ఆర్, థీటా కొద్దికొద్దిగా పెరిగితే ఏర్పడే చిన్న ముక్కకు ఒక పక్క ఆర్‌లో పెరుగుదల. రెండో పక్క చాపం. కేంద్రం నుంచి దూరం జరిగేకొద్దీ ఆ చాపం పొడవవుతుంది, అందుకే థీటాలో పెరుగుదలను ఆర్‌తో గుణించాలి. మరిచిపోతే పట్టుకునే మార్గం చెప్తాను. వ్యాసార్థం 1 ఉన్న వృత్తం మీద, 1 మైనస్ ఆర్ స్క్వేర్ ఎత్తున గుమ్మటం ఉందనుకో. ఆర్ వదిలేసి చేస్తే ఘనపరిమాణం 4.19 వస్తుంది. ఆ గుమ్మటం వ్యాసార్థం 1, ఎత్తు 1 ఉన్న స్థూపంలో (సిలిండర్‌లో) పూర్తిగా ఇముడుతుంది. స్థూపం మొత్తమే 3.14. లోపలిది బయటిదానికంటే పెద్దదెలా అవుతుంది? అసలు జవాబు 1.57, స్థూపంలో సరిగ్గా సగం.

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మొదటి సంవత్సరం. లెక్కలకు ట్యూషన్ పెట్టించమని అందరూ అంటున్నారు. పెట్టించమంటారా?
ఒక తల్లి, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ముందు ఒక గ్రాఫ్ పుస్తకం కొనివ్వండి. ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్ ఎలా ఉంటుందో, మధ్యలో మైనస్ పెడితే ఎలా ఉంటుందో గీయమనండి. మొదటిది గిన్నె, రెండోది గుర్రపు జీను. గీయగలిగితే మిగిలినది సాధన. గీయలేకపోతే ట్యూషన్‌లోనూ ఇవే సూత్రాలు మళ్ళీ రాయిస్తారు, అంతే. ఐఐటీ అధ్యాపకుల వీడియో పాఠాలు ఎన్‌పీటెల్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రెండో మిడ్‌లోనూ ఇదే పరిస్థితి అయితే అప్పుడు ఆలోచిద్దాం.

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. ఒక ఆడిటర్ దగ్గర అకౌంట్స్ చూస్తాను. డిగ్రీ బీకాం. మెషిన్ లెర్నింగ్ నేర్చుకుందామని మొదలుపెడితే రెండో పాఠంలోనే గ్రేడియంట్ అన్నారు. ఈ వయసులో మల్టీవేరియబుల్ కాలిక్యులస్ కోర్సు చేయగలనా? మొత్తం చదవాలా?
గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: ఈ కోర్సులోని గ్రీన్ సిద్ధాంతం ఎవరి పేరు మీద ఉందో ఆ జార్జ్ గ్రీన్ ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ దగ్గర పిండిమర నడిపిన మనిషి. బడి చదువు రెండేళ్ళు కూడా లేదు. తన గొప్ప వ్యాసాన్ని 1828లో చందాలతో అచ్చు వేయించుకున్నాడు. కేంబ్రిడ్జిలో విద్యార్థిగా చేరేసరికి నలభై ఏళ్ళు. మీకింకా రెండేళ్ళు గడువుంది. అయితే గ్రీన్ సిద్ధాంతం మీకు ఇప్పట్లో అవసరం లేదు. పాక్షిక అవకలజాలు, చైన్ రూల్ (ఒకదానిలో ఒకటి ఇమిడిన ఫంక్షన్లను అవకలనం చేసే సూత్రం), గ్రేడియంట్, ఈ మూడూ చాలు. వెక్టర్ కాలిక్యులస్ జోలికి పోకండి.

గ్రేడియంట్ కోసం ఇంద్రకీలాద్రి వైపు చూడండి, మీకు దగ్గరే. కొండ మీద ఏ చోట నిలబడినా అక్కడినుంచి అన్నిటికంటే నిటారుగా ఎక్కే దిక్కు ఒకటుంటుంది. గ్రేడియంట్ ఆ దిక్కుకు తిరిగిన బాణం. ఆ నిటారుతనం ఎంతో బాణం పొడవు చెబుతుంది. ఆ దిక్కుకు 60 డిగ్రీలు పక్కకు తిరిగి నడిస్తే వాలు సగమవుతుంది, ఎందుకంటే కొసైన్ 60 అంటే సగం. 90 డిగ్రీలు తిరిగితే అసలు ఎక్కరు, అదే ఎత్తులో కొండ చుట్టూ తిరుగుతారు. మెట్లదారిలో కాళ్ళు లాగడం, ఘాట్‌రోడ్డులో ఆటో తేలిగ్గా ఎక్కడం ఈ కొసైన్ మహిమే. ఒక్క జాగ్రత్త. ఆ బాణం ఆకాశంలోకి చూడదు. అది కొండ పటం మీద, నేలబారున ఉంటుంది. ఏళ్ళ తరబడి చదివిన పిల్లలూ ఇక్కడ తడబడతారు.

దిగడానికి బాణానికి ఎదురుగా నడవాలి. ఎక్సెల్ మీకు కొట్టిన పిండి కాబట్టి ఈ లెక్క వేసి చూడండి. ఫంక్షన్ ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్, మొదలు (3, 4). అక్కడ విలువ 25, గ్రేడియంట్ (6, 8). అందులో పదో వంతు తీసివేస్తే (2.4, 3.2) దగ్గర ఉంటారు, విలువ 16కు దిగింది. ఇలాగే సాగితే అడుగుకు చేరతారు. తొందరపడి గ్రేడియంట్ మొత్తాన్నీ తీసివేస్తే (మైనస్ 3, మైనస్ 4) వస్తుంది. విలువ మళ్ళీ 25. మరో అడుగు వేస్తే తిరిగి (3, 4). గ్రేడియంట్‌లో ఎన్నో వంతు తీసివేయాలో చెప్పే ఈ అంకెనే మీ పాఠంలో లెర్నింగ్ రేట్ అంటారు.

ప్రశ్న: రెండు చలరాశుల ఫంక్షన్‌కు మూలబిందువు దగ్గర అవధి (లిమిట్) ఉందో లేదో చూడటానికి ఆ బిందువు గుండా పోయే సరళరేఖలన్నిటి మీదా పరీక్షిస్తే సరిపోతుందా?
బీఎస్సీ విద్యార్థిని, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: సరిపోదమ్మా. లవంలో ఎక్స్ స్క్వేర్ ఇంటూ వై, హారంలో ఎక్స్ నాలుగో ఘాతం ప్లస్ వై స్క్వేర్ తీసుకో. ఏ సరళరేఖ మీద సున్నా వైపు నడిచినా విలువ సున్నాకే పోతుంది. వై ఈక్వల్స్ ఎక్స్ స్క్వేర్ అనే పరావలయం మీద నడిచి చూడు. ఎక్కడ చూసినా సగమే. కాబట్టి అవధి లేదు. ఒకే చలరాశి ఉన్నప్పుడు ఎడమ, కుడి అని రెండే దారులు. ఇక్కడ దారులకు లెక్కే లేదు. దారులు వెతకడం అవధి లేదని చూపడానికి మాత్రమే పనికొస్తుంది. ఉందని చూపాలంటే అన్ని దారులనూ ఒకేసారి కట్టేసే అసమానత కావాలి. ఇదే లవం కింద ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్ పెడితే, విలువ పరిమాణంలో వైని ఎప్పుడూ మించదు. వై సున్నాకు పోతే అదీ పోతుంది. రెండు వాక్యాల్లో నిరూపణ అయిపోయింది.

ప్రశ్న: స్టోక్స్ సిద్ధాంతం నిజంగా స్టోక్స్‌దేనా?
కృష్ణలంక, విజయవాడ

జవాబు: మొదట రాసింది స్టోక్స్ కాదు. ఉపరితలం మీది ఇంటిగ్రల్‌ను దాని అంచు వెంట ఇంటిగ్రల్‌తో ముడిపెట్టే ఈ సిద్ధాంతాన్ని విలియం థామ్సన్, అంటే తర్వాతి లార్డ్ కెల్విన్, 1850లో స్టోక్స్‌కు ఉత్తరంలో రాసి పంపాడు. స్టోక్స్ దాన్ని 1854లో కేంబ్రిడ్జి స్మిత్స్ ప్రైజ్ పరీక్షలో ప్రశ్నగా ఇచ్చాడు. అచ్చయిన మొదటి నిరూపణ 1861లో జర్మన్ గణితవేత్త హాంకెల్‌ది. స్టోక్స్ ఇచ్చిన ఆ పేపరు రాసినవాళ్ళలో తర్వాత భౌతికశాస్త్రంలో పేరుపొందిన జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ కూడా ఉన్నాడు. ఆ ఏడాది బహుమతిని తోటి విద్యార్థి రౌత్‌తో సమానంగా పంచుకున్నాడు.